అక్షయ నాన్నగారు

దిండి రేవులో బోటు ఎక్కేటప్పటికే ప్రవీణ్ కుమార్ మనసు విరిగిపోయి ఉంది. అతను అనుకున్నది వేరు. హౌస్ బోటులో ఒక గది, గది ముందు చిన్న వసారా, వసారాలో రెండే కుర్చీలు, ఎదురుగా వశిష్ఠ గోదావరి. పెళ్ళయి పదహారేళ్ళు నిండిన సందర్భాన్ని తనూ జాయ్ అలా గడపాలని ఎన్నాళ్ళుగానో ఊహించుకున్నాడు. తీరా అడగబోతే, క్రిస్మస్ సెలవలు కావడంతో గదులన్నీ ఎప్పుడో అయిపోయాయన్నారు. అంతర్వేది దాకా వెళ్ళొచ్చే పెద్ద బోటులో రెండు సీట్లు మాత్రం ఉన్నాయన్నారు.

"పోనీలెండి, అదే ఎక్కుదాం. నలుగుర్నీ చూసినట్టుంటది" అంది జాయ్.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. నలుగుర్నీ చూడ్డానికా వెళ్తున్నది? పైకి మాత్రం "సరే" అన్నాడు. రాజోలు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే మనిషి. పిల్లల ముందు గొంతు పెంచకుండా ఉండడం అలవాటైపోయి ఇంట్లోనూ పెంచడు. లోపల మాత్రం అన్నీ లెక్కలోకి వెళ్తుంటాయి. జాయ్ ఎవరితో ఎంతసేపు ఫోన్లో మాట్లాడింది, ఎవరి మాటకి నోరంతా తెరిచి నవ్వింది, తను చెప్పిన ముచ్చటకి పెదవి చివర మాత్రమే ఎందుకు నవ్వింది. అసూయ అనే మాట తన విషయంలో అతను ఎన్నడూ వాడుకోలేదు. దాన్ని ప్రేమ అనే అనుకుంటూ వచ్చాడు. డాక్టర్ల చుట్టూ తిరగడం మానేసిన రోజున, ఆస్పత్రి మెట్ల మీదే ఆమె చెయ్యి పట్టుకుని, "మనకి మనం చాలు జాయ్" అన్నాడు. అంత గొప్ప మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఇన్నేళ్ళూ లోలోపల మురిసిపోతూనే ఉన్నాడు. ఆ మాటకి జాయ్ ఏమందో మాత్రం అతనికి గుర్తు లేదు.

బోటు రెండంతస్తులది. కింద వంట, పైన జనం. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానికొకటి ఒరుసుకునేలా వేశారు. నారింజ రంగు లైఫ్ జాకెట్లలో అందరూ ఒకే బడి పిల్లల్లా ఉన్నారు. అసలు పిల్లలైతే కుర్చీల కింద నుంచి, కాళ్ళ మధ్య నుంచి, ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి దూరిపోతున్నారు. మైకు పట్టుకున్న కుర్రాడి పేరు మణికంఠ. బోటు కదలకముందే అతను, "లేడీసందరూ నీడ పక్కకండీ! జెంట్స్ ఎండ పక్కకండీ! కాసేపు ఎండలో ఉంటే మగాళ్ళు కరిగిపోరండీ!" అని సగానికి సగం విడదీసేశాడు. జనం నవ్వుతూ సర్దుకున్నారు. ప్రవీణ్ ఒక్కడే నవ్వలేదు. పదహారేళ్ళ పెళ్ళిరోజు కోసం వచ్చి, పరాయి మగవాళ్ళ మధ్య ఎండలో కూర్చున్నాడు. అవతలి పక్క జాయ్ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. ఇరుక్కున్నట్టు లేదు. చలికాలం పొయ్యి దగ్గర చోటు దొరికిన మనిషిలా ఉంది.

పక్కాయన పేరు తాతబ్బాయి. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారమట. భార్య సూర్యావతి, కోడలు, మనవలతో వచ్చాడు. కాళ్ళు బార్లా చాపుకుని, లారీల రేట్ల నుంచి కొడుకు పెట్టిన ఏసీ దాకా ఏకబిగిన చెప్పుకుంటూ పోతున్నాడు. ప్రవీణ్ "ఆయ్, ఆయ్" అంటూనే అవతలి పక్కకి చూస్తున్నాడు. సూర్యావతి ఏదో అంటోంది. జాయ్ నోరంతా తెరిచి నవ్వుతోంది.

బోటు నది మధ్యకి వచ్చాక ఎండ చురుక్కుమంది. జాయ్ లేచి నిలబడి, సంచీలోంచి అతని టోపీ తీసి ఊపింది.

"ఏమండీ!"

అతనితో పాటు ఇటువైపు కూర్చున్న మగవాళ్ళలో సగం మంది తలలు తిప్పారు. ఫోన్ చూసుకుంటున్నవాళ్ళు, కునుకు తీస్తున్నవాళ్ళు, ఆఖరికి తాతబ్బాయి కూడా "ఆయ్!" అంటూ కంగారుగా లేచాడు. ఆడవాళ్ళ పక్క నవ్వులు మొదలయ్యాయి. మణికంఠ ఊరుకుంటాడా?

"అమ్మా, లేడీస్! దయచేసి బోటు మీద ఎవరూ 'ఏమండీ' అని పిలవకండమ్మా! మగాళ్ళందరూ ఒక్కసారి లేచొచ్చేత్తే బోటు ఒరిగిపోద్దండీ!"

అందరూ విరగబడి నవ్వారు. సూర్యావతి జాయ్ చెయ్యి పట్టుకుని, నవ్వుతూనే మందలించింది. "నిన్న గాక మొన్న పెళ్ళైందాన్లాగ ఏమండీ ఏంటమ్మా? పిల్లల పేరెట్టి పిలవ్వా? మా ఆయన్నైతే నేను ఏడుకొండలు నాన్నా అంటాను. లక్షమందిలో ఉన్నా ఆయనొక్కడే తిరుగుతాడు. మీ పెద్ద బిడ్డ పేరేంటి?"

ప్రవీణ్‌కి ఈ ఘట్టం కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, చర్చి బయట, ఆఖరికి బ్యాంకు క్యూలో కూడా జరుగుతుంది. ముందు ప్రశ్న వస్తుంది. జాయ్ "లేరండి" అంటుంది. తర్వాత ఒక చప్పరింపు, ఆ తర్వాత ఎవరికో ఎన్నో ఏళ్ళకి పుట్టిన బిడ్డ కథ, చివరికి ఒక డాక్టరు పేరో, ఉపవాస ప్రార్థనలు చేసే ఒక పాస్టరు గారి పేరో. అప్పుడు జాయ్ చూపు తనని వెతుక్కుంటుంది. ఆ ఒక్క క్షణం కోసం అతను ముఖాన్ని సిద్ధం చేసుకుంటాడు. ప్రపంచమంతా ఒక పక్క, తామిద్దరూ ఒక పక్క. చెప్పుకోవడానికి సిగ్గేసే సంగతే గానీ, ఆ క్షణమంటే అతనికి ఇష్టం.

ముఖం సిద్ధం చేసుకున్నాడు. జాయ్ చూపు ఇటు రాలేదు.

"అక్షయండి" అంది.

తర్వాత అరచేతుల్ని నోటికి రెండు పక్కలా పెట్టుకుని, నిండు గొంతుతో పిలిచింది.

"అక్షయ నాన్నగారూ!"

ప్రవీణ్ ఎవరా అని చుట్టూ చూశాడు. నిజంగానే చూశాడు. తన వెనకాల ఎవరో ఉండి ఉంటారనుకున్నాడు. మళ్ళీ పిలుపు వచ్చింది. తాతబ్బాయి మోచేత్తో పొడిచాడు.

"మాస్టారూ, మిమ్మల్నేనండీ! కన్న కూతురి పేరు మర్చిపోయేరా ఏంటి?"

ఇటువైపు మళ్ళీ నవ్వులు. అతను లేచి, కుర్చీల మధ్య నుంచి, పిల్లల తలల మీదుగా వెళ్ళి టోపీ అందుకున్నాడు. జాయ్ కళ్ళలోకి చూశాడు. ఏదో ఒక సైగ ఉంటుందనుకున్నాడు. ఈవిడ వదిలేలా లేదు, అందుకే అన్నాను, ఊరుకోండి, అన్నట్టు. అలాంటిదేమీ లేదు. సెలవులిచ్చిన రోజున బడి గేటు దగ్గర నిలబడే అమ్మల ముఖాల్లో ఉండే కళ ఒకటి ఉంది. అది ఎన్నో ఏళ్ళుగా అలవాటైన ముఖంలా ఉంది. అతను మాత్రం మొదటిసారి చూస్తున్నాడు.

వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు. ఆడవాళ్ళ వరసకి వెనక, లైఫ్ జాకెట్లు కుప్ప పోసిన బల్ల అంచు మీద కూర్చున్నాడు. అక్కడికి ఇంజను హోరులోనూ మాటలు తెలుస్తున్నాయి.

"ఏం చదువుతుందమ్మా?"

"తొమ్మిదండి. కాకినాడలో హాస్టలు. సెలవలకి మా అన్నయ్య వాళ్ళు తీసుకెళ్ళేరు, వాళ్ళ పిల్లలతో ఆడుకుంటదని."

"ఎవరి పోలిక?"

"మా అన్నయ్య పోలికేనండి. గెడ్డం దగ్గర అచ్చు అంతే. ఎడంచేతి వాటం. మా అత్తగారు చాలా పోట్లాడేరు కుడిచేత్తో తినడం నేర్పమని. నేనే ఊరుకోమన్నాను."

ఇదంతా అప్పటికప్పుడు అల్లుతున్నది కాదని ప్రవీణ్‌కి అర్థమైంది. అప్పటికప్పుడు అల్లే మనిషి ఆలోచించడానికి ఆగుతుంది. జాయ్ ఆగడం లేదు. పైగా "ఇప్పుడు నా భుజం దాకా వచ్చేసిందండి" అన్నప్పుడు ఆమె చెయ్యి గాలిలో ఒక ఎత్తు దగ్గర ఆగింది. వెతుక్కోకుండా ఆగింది. ఆ ఎత్తు ఆ చేతికి తెలుసు. ఆ చేతివేళ్ళు ఏదో జుట్టుని చెవి వెనక్కి సర్దినట్టు కొద్దిగా కదిలాయి.

అతని లోపల ఏదో వేడిగా తిరిగింది. ఆ తిరిగినదాన్ని అతను శ్రద్ధగా పరీక్షించుకున్నాడు. జాలి కలగాలి కదా? తన భార్య లేని బిడ్డని ఉన్నట్టు చెప్పుకుంటోంది. ఏ భర్తకైనా ముందు గుండె కరగాలి. కరగలేదు. పక్కింటి డాబా మీద ఎవరితోనో కూర్చుని కబుర్లాడుతున్న భార్యని చీకట్లోంచి చూస్తున్నట్టు ఉంది. తొమ్మిదో తరగతి. అంటే పద్నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళుగా తన ఇంట్లో, తనకి తెలియకుండా, ఇంకొకరున్నారు. ఆమె వంటింట్లో ఒంటరిగా పాడుకునేటప్పుడు ఒంటరిగా లేదు. అమలాపురంలో ఉద్యోగం చేసే ఆఫీసు నుంచి వచ్చి కాసేపు మాట్లాడకుండా కూర్చునేటప్పుడు ఊరికే కూర్చోలేదు. ఆ నిశ్శబ్దాలన్నీ తనవే అనుకున్నాడు. అవి వేరొకరివి.

"చేపలు మాత్రం పడవండి" అంటోంది జాయ్. "నాలుగేళ్ళప్పుడు కాట్రేనికోనలో మా పిన్నిగారింటికెళ్ళేం. మాగ చేప పెట్టేరు. ముల్లు గొంతులో ఇరుక్కుని పిల్ల గుడ్లు తేలేసింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా పిన్నే అన్నం ముద్ద మింగించి ఎలాగో దింపింది."

"అయ్యబాబోయ్! మరి మీ ఆయనో?"

"ఆయన వసారాలో మంచం మీద పడుకున్నారండి. లేవలేదు."

ప్రవీణ్‌కి ఆ వసారా కనిపించింది. నులక మంచం కనిపించింది. కాట్రేనికోన పిన్నిగారింటికి వాళ్ళు నిజంగానే వెళ్ళారు. ఆ మధ్యాహ్నం భోజనం బరువుకి అతను నిజంగానే నిద్రపోయాడు, లేచేసరికి పొద్దు వాలింది. ఆ ఇంట్లో ఆ రోజు చిన్నపిల్ల ఎవరూ లేరు. ఆ ఒక్కటి తప్పితే మిగతాదంతా నిజమే. తను బతికిన రోజులోనే, తన నిద్ర పక్కనే, ఆమె ఒక పిల్లని పెంచుకుంది.

"కొంతమంది మగాళ్ళంతే లెండి" అంది సూర్యావతి, బల్ల మీద కూర్చున్న అతనికేసి ఓరగా చూసి గొంతు తగ్గిస్తూ. తగ్గించినా వినిపించింది. "పిల్లకి నాన్న దగ్గర చనువుందా?"

"అంత లేదండి. ఆయన లోకం ఆయనది."

మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. పులావు, రొయ్యల ఇగురు, చందువా చేప వేపుడు. జనం ప్లేట్లు పట్టుకుని ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడ్డారు. ఆడా మగా పక్కలు కలిసిపోయాయి. తాతబ్బాయి చేపముక్క కొరుకుతూ, "పిల్లల్లేకుండా తింటుంటే ముద్ద దిగదు కదండీ మాస్టారూ" అన్నాడు మర్యాదకి.

"ఆయ్, దిగదండి" అన్నాడు ప్రవీణ్. అక్కడితో ఆగుదామనుకున్నాడు. నోరు ఆగలేదు. "మా అక్షయకైతే చేపలంటే ప్రాణం."

ఆ పేరుని తొలిసారి తన నాలుక మీద పెట్టుకున్నాడు. మెత్తగా ఉంది. ఇంకొంచెం కావాలనిపించింది.

"ముళ్ళు తీసి నేనే పెట్టాలి. వాళ్ళమ్మ తీస్తే తినదు. నా పక్కనే కూచుంటది. ఆదివారం చర్చి నుంచి రాగానే ముందు నా దగ్గరికే. లెక్కలన్నా, సైన్సన్నా నన్నే అడుగుద్ది. వాళ్ళమ్మకి ఒక్క ముక్క చెప్పదు." అవసరానికి మించి గట్టిగా చెబుతున్నాడు. జాయ్ ముగ్గురు మనుషుల అవతల ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వీపు నిటారుగా అయింది. ఆ వీపు చూస్తుంటే అతనికి లోపల ఎక్కడో తియ్యగా ఉంది.

"ఏంటండీ, చేపలు పడవన్నారు కదా మీ ఆవిడ?" సూర్యావతి మధ్యలోకి వచ్చేసింది. "ముల్లిరుక్కుందన్నారు?"

చుట్టూ ఉన్న నలుగురూ చూశారు. జాయ్ తిరిగింది. పెదవులు నవ్వుతున్నాయి గానీ ముఖం తెల్లగా పాలిపోయింది.

"నా చాటున పెడతారండి ఆయన. పిల్లకేదైనా అయితే చూసేది నేను."

"అదీ! మగాళ్ళు ముద్దు చేస్తారు, ఆడోళ్ళం ఆస్పత్రికి మోస్తాం" అని సూర్యావతి తేల్చేసింది. అందరూ మళ్ళీ ప్లేట్లలో పడ్డారు.

చేతులు కడుక్కునే చోటు బోటు వెనకాల, ఇంజను పక్కన ఉంది. జాయ్ అక్కడ అతని కోసమే నిలబడింది.

"దానికి చేపలు పడవు" అంది.

"ఏంటీ?"

"పడవు. నలుగురిలో నోటికొచ్చినట్టు చెప్పకండి."

"నోటికొచ్చినట్టు చెప్పింది నేనా?"

బోటు వెనక నీళ్ళు నురగలై విడిపోతున్నాయి. దూరంగా లంక ఒడ్డున ఎవరో గేదెల్ని తోముతున్నారు.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"ఆఫీసుకెళ్ళే బస్సులో మొదలైందండి. పక్కసీటావిడ తాటిపాక దాటకుండానే అడుగుద్ది, పిల్లలెంతమందని. లేరన్నామా, అమలాపురం దాకా ఓదార్పే. ఒక రోజు ఓపిక లేక, ఒకమ్మాయండీ అనేసేను. పేరేంటంది. చెప్పేను. ఆవిడ దిగిపోయింది. పేరు దిగలేదు."

"నాకు చెప్పలేదేం?"

"మీరు మనకి మనం చాలన్నారు కదండీ."

కోపంగా అనలేదు. బజారు నుంచి ఒక వస్తువు ఎందుకు తేలేదో చెబుతున్నట్టు అంది. ఆ మాట ఇన్నేళ్ళూ ఆమెకి ఎలా వినిపించి ఉంటుందో అతనికి చప్పున తట్టింది. తట్టినదాన్ని పక్కకి నెట్టేశాడు. అతని బాధ ఇంకొకటి.

"సరే. మరి నన్నెందుకలా పెట్టేవు అందులో? పడుకున్నానని, లేవలేదని."

"పడుకోలేదా?"

"పడుకున్నాను. కానీ అది ఏడిస్తే లేవనా?"

జాయ్ అతని ముఖంలోకి కాసేపు చూసింది. నిజాయితీగా ఆలోచిస్తున్నట్టే చూసింది.

"ఏమోనండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

అతను అక్కడే నిలబడిపోయాడు. ఆమె ఒక్క అబద్ధం ఆడి "లేచేవారే" అని ఉంటే సరిపోయేది. ఊరందరికీ ఒక పిల్లని పుట్టించి చెప్పగలిగిన మనిషి, తనకోసం ఆ ఒక్క ముక్క కల్పించలేకపోయింది. ఇందాకటి దాకా లోపల తిరుగుతున్న వేడికి ఇప్పుడు ఒక ముఖం, ఒక గడ్డం, ఒక ఎడంచెయ్యి వచ్చాయి. బావమరిది పోలికలున్న ఆ పిల్ల మీద అతనికి పట్టరాని కోపం వచ్చింది. ఆ పిల్ల వచ్చాకే తను మంచం మీద పడుకున్న మనిషయ్యాడు. లేకపోతే తను మంచి భర్తే.

అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట బోటు కాసేపు ఆపారు. అందరూ ఒకే పక్కకి వచ్చి ఫోటోలు తీసుకుంటుంటే మణికంఠ మైకులో బతిమాలుతున్నాడు. ప్రవీణ్ సముద్రాన్ని చూడలేదు. సూర్యావతి కోడలి చంటిదాన్ని ఎత్తుకుని దాని చెవిలో ఏదో చెబుతున్న జాయ్‌ని చూస్తున్నాడు. ఆ చంటిదాని మీద అతనికి ఏమీ అనిపించలేదు. చంటిది కనబడుతోంది. రేవు చేరగానే వాళ్ళమ్మతో వెళ్ళిపోతుంది.

తిరుగు ప్రయాణంలో ఎండ తగ్గి గాలి చల్లబడింది. జనం అలిసి, ఎవరి పక్కన వాళ్ళు చేరారు. ప్రవీణ్ జాయ్ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా సూర్యావతి, తాతబ్బాయి. సూర్యావతి తన ఫోన్లో మనవళ్ళ ఫోటోలు ఒక్కొక్కటే చూపించింది. పుట్టినరోజులు, బడిలో వేషాలు, ఊడిన పళ్ళు. ఇంక వచ్చేది ఏమిటో ప్రవీణ్‌కి ముందే తెలిసిపోయింది. జాయ్‌కి కూడా తెలిసినట్టుంది, చేతిసంచీని ఒడిలోకి లాక్కుంది.

"ఏదమ్మా, మీ పాపది చూపించు. తొమ్మిదంటున్నావు, రేపు మా ఏడుకొండలు బావమరిది కొడుక్కి అడుగుతానేమో!"

"మరీ చోద్యం కాకపోతే" అని తాతబ్బాయి కసిరాడు. కసిరి, తనూ కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకి వంగాడు.

జాయ్ చెయ్యి సంచీలోకి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. ఆమె చూపు తన వైపు తిరగడం ప్రవీణ్ చూశాడు. పొద్దుటి నుంచి అతను ఎదురుచూసిన చూపు అది. ప్రపంచమంతా ఒక పక్క, నువ్వూ నేనూ ఒక పక్క అనే చూపు. కానీ ఆ చూపు తనకోసం రాలేదు. ఆ పిల్లని కాపాడమని అడగడానికి వచ్చింది. తన కోసం ఆమె ఎన్నడూ అంతగా అడగలేదు.

ఒక అబద్ధం చాలు. ఫోన్ పాడైందనో, పిల్ల ఫోటో దిగదనో. అతని దగ్గర ఆ మాట తయారుగానే ఉంది. అది నోటిదాకా వచ్చింది కూడా.

"మాకు పిల్లల్లేరండి" అన్నాడు.

అనేశాక లోపల అంతా తేలికైపోయింది, వాంతి చేసుకున్నట్టు. సూర్యావతి ఫోన్ పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తాతబ్బాయి కళ్ళద్దాలు తీశాడు. పక్క కుర్చీలవాళ్ళు తలలు తిప్పారు. ప్రవీణ్ జాయ్ కేసి చూడలేకపోయాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడిస్తే దగ్గరికి తీసుకోవచ్చు, మళ్ళీ ఇద్దరమే మిగులుతాం అన్న ఆలోచన కూడా ఒకటి వచ్చింది. ఆ ఆలోచన ఎంత నీచమైందో తెలుస్తూనే వచ్చింది.

జాయ్ ఏడవలేదు. సంచీలోంచి చెయ్యి తీసి, చీర కొంగు సర్దుకుంది.

"ఆయనకి లేరండి" అంది నెమ్మదిగా. "నాకే."

సూర్యావతి ముఖంలో అర్థమైన వెలుగు ఒకటి మెల్లగా పాకింది.

"ఓహో... అదా సంగతి" అంది. "రెండోదా అమ్మా?"

జాయ్ తల దించుకుంది. అవుననలేదు, కాదనలేదు.

"పొద్దుట్నించీ అనుకుంటూనే ఉన్నాను. 'అక్షయ నాన్నగారూ' అని ఈ అమ్మాయి గొంతు చించుకుంటుంటే ఈయన దిక్కులు చూస్తాడేంటా అని!" సూర్యావతి కుర్చీ ముందుకి జరుపుకుని ప్రవీణ్‌కి ఎదురుగా వచ్చింది. "తప్పండి మాస్టారూ. పెద్దదాన్ని, చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. పిల్ల ఏం చేసింది మిమ్మల్ని? మీరు తాళి... అదే, ఉంగరం తొడిగినప్పుడు తెలుసు కదా, ఈవిడకో పిల్లుందని?"

"నేను..." అన్నాడు ప్రవీణ్.

"కుళ్ళుకుంటే ఎలాగండీ పసిపిల్ల మీద? బోటు మీద ఇంతమంది ముందు పిల్లే లేదనేత్తారా? అందుకే పాపం హాస్టల్లో పడేసింది తల్లి. సెలవలకి కూడా మేనమామే దిక్కయ్యేడు."

"ఊరుకో, ఏడుకొండలు అమ్మా" అన్నాడు తాతబ్బాయి. అతని గొంతులోనూ చిరాకుంది, అది ప్రవీణ్ మీద. "మాస్టారు చదువుకున్నోరు. ఆయనకి తెలీదా ఏంటి?" అని, ప్రవీణ్ కుర్చీ దాకా చాపుకుని ఉన్న కాళ్ళని వెనక్కి తీసుకున్నాడు.

ప్రవీణ్ నోరు తెరిచాడు. ఇప్పుడు నిజం చెప్పాలంటే జాయ్‌ని ఇంతమంది ముందు పిచ్చిదాన్ని చెయ్యాలి. చెప్పకపోతే తను ఒక సవతి తండ్రి. ఆ మాటని లోపలే ఒకసారి పలికి చూసుకున్నాడు. ఒంటికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. ఇంకొకరి పోలికలున్న పిల్ల, తనకి తెలియని ఏళ్ళు, ఆ ఏళ్ళ మీద కుళ్ళు. ఈవిడ తప్పుగా అర్థం చేసుకున్నదాంట్లో తప్పేమీ లేదు. పదహారేళ్ళలో అతన్ని ఇంత సరిగ్గా పోల్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.

"ఆయ్" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "ఆయ్. ఇకమీదట చూసుకుంటానండి."

"అదీ మాట!" అని సూర్యావతి మెత్తబడింది. "ఈ మాటు సెలవలకి మీరే వెళ్ళి తీసుకురండి. ఎవర్నీ పంపకండి, మీరే వెళ్ళండి. ఆడపిల్లలండి, ఇట్టే కరిగిపోతారు."

జాయ్ తల ఎత్తలేదు. కానీ ఆమె భుజం, గంటసేపట్లో మొదటిసారి, అతని భుజానికి ఆని ఉంది. అది బోటు ఊపుకి ఆనిందో, ఆమే ఆనించిందో అతను తేల్చుకోలేకపోయాడు.

రేవులో దిగేటప్పుడు తోపులాటగా ఉంది. పలక మీద నుంచి ఒక్కొక్కరే దిగుతుంటే వెనకాల నుంచి సూర్యావతి కేకేసింది. ఆమె చేతిలో న్యూస్ పేపరు పొట్లం ఉంది.

"కొబ్బరి లౌజండి, ఇంట్లో చేసింది. పాపకి." జాయ్ చెయ్యి చాపింది. సూర్యావతి ఆ చేతిని తప్పించి పొట్లాన్ని ప్రవీణ్ చేతిలో పెట్టింది. "నీకు కాదు. ఆయన చేత్తో ఇవ్వాలి."

స్కూటరు పెట్టిన చోటుకి ఇద్దరూ నడిచారు. పొట్లం నూనె దిగి అరచేతికి వెచ్చగా అంటుకుంటోంది. దాన్ని సంచీలో పెట్టమని జాయ్‌కి ఇవ్వబోయి మానుకున్నాడు. చొక్కా జేబులో పట్టలేదు. చేత్తోనే పట్టుకున్నాడు. అడగడానికి చాలా ఉంది. ఆ పిల్ల ఏ గదిలో పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, ప్రార్థనలో ఎవరెవరి పేర్లు చెబుతుంది, అందులో తన పేరుందా. అన్నీ ఒక్కసారే ముందుకు తోసుకొచ్చాయి.

"లౌజు ఇష్టమేనా దానికి?" అన్నాడు చివరికి.

"ఇష్టమేనండి."

స్కూటరు తాళం తీశాడు. ఎక్కలేదు.

"నేనిస్తే తీసుకుంటదా?"

జాయ్ రేవు కేసి చూస్తూ నిలబడింది. ఎదుటి మనిషి మనసు కష్టపెట్టకుండా, అలా అని ఆ పిల్ల తరఫున లేని మాట ఇవ్వకుండా ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్న తల్లి ముఖంలా ఉంది ఆ ముఖం. అతనికి మళ్ళీ ఆ వేడి తిరిగింది. ఈసారి దాన్ని అతను ప్రేమ అనుకోలేదు.

"ఇప్పుడే కాదండి" అంది. "కొన్నాళ్ళు పోనివ్వండి."